మందు తగ్గించే యాప్‌లో బ్యాడ్జ్‌లు ఎందుకు పెట్టకూడదంటే: నేను చేసిన తప్పు నుంచే చెప్తున్నా

ఈ సైట్‌లో నేను మామూలుగా రాసేవి పదిహేను వేల లోపు ఫోన్ల గురించి. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఏ అప్‌డేట్ వేసుకోవచ్చు, ఏది వద్దు, అంతే. ఈసారి మాత్రం నేనే రాసిన ఒక యాప్‌ని రివ్యూ చేస్తున్నా. రేటింగ్ ముందే చెప్పేస్తా. మొదటి వెర్షన్‌కి 5కి 0. కారణం బగ్ కాదు. యాప్ నేను అనుకున్నట్టే పనిచేసింది. తప్పంతా నేను అనుకున్న దాంట్లోనే ఉంది.

మా మామకి జహీరాబాద్‌లో హైవే పక్కన ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు ఉంది. చెరకు సీజన్‌లో ఊపిరి ఆడనంత పని. సాయంత్రం షెడ్డు మూశాక క్వార్టర్. ఈ మధ్య అది పొద్దున్నే మొదలైంది. పోయిన దసరాకి ఇంటికెళ్తే పక్కకి పిలిచి అడిగాడు.

"అల్లుడా, ఫోన్ల గురించి గన్ని రాస్తవ్ గదా. మందు తగ్గేటందుకు ఏదన్న యాప్ ఉంటే నా ఫోన్ల ఎక్కియ్యరాదు."

మా మామ అలా అడగడం నా జన్మలో మొదటిసారి. ప్లే స్టోర్‌లో వెతికాను. నాకు కనిపించినవన్నీ ఇంగ్లీషువే, లెక్కంతా వైన్ గ్లాసుల్లో, పింట్లలో ఉంది. సరే, మనమే రాసేద్దాం అనుకున్నా. రెండు వీకెండ్లు కూర్చుని ఒక యాప్ రెడీ చేశాను. తెలుగు ఫాంట్, పచ్చటి సర్కిల్, తాగకుండా ఉన్న రోజుల కౌంటర్, రోజులు పెరిగేకొద్దీ బ్యాడ్జ్‌లు. స్టెప్పులు లెక్కపెట్టే ఫిట్‌నెస్ యాప్ ఎలా ఉంటుందో అలాగే. చూసుకుని మురిసిపోయాను కూడా.

మామ దాన్ని నేను అనుకున్నదానికంటే సీరియస్‌గా తీసుకున్నాడు. ఒక శనివారం రాత్రి ఆఖరిసారి తాగి, ఆదివారం నుంచి పూర్తిగా బంద్. ఆదివారం సాయంత్రానికే చేతులు వణికాయి. చెమటలు, నిద్ర లేదు. అయినా సర్కిల్ నిండుతోందని ఊరుకున్నాడు. సోమవారం రాత్రి ఫిట్స్ వచ్చాయి. అత్త ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ఆమె చేతిలో ఉన్న మామ ఫోన్ 12 దాటగానే మోగింది. "శభాష్! 2 రోజులు పూర్తి. మొదటి బ్యాడ్జ్ మీదే!"

ఆ వాక్యం రాసింది నేను.

తెల్లారి నేను వెళ్లేసరికి డాక్టర్ అడుగుతున్నారు, "ఒక్కసారిగా మానెయ్యమని ఎవరు చెప్పారు?" అని. మామ ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆ రెండు రోజుల్లో శరీరంలో జరిగింది

ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్ళ మెదడు మందుకి అలవాటు పడిపోతుంది. మందు నరాలని నెమ్మదిగా చేస్తుంటే, మెదడు దాన్ని తట్టుకోవడానికి తన యాక్సిలరేటర్‌ని గట్టిగా తొక్కి పట్టుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే బ్రేక్ పోయి యాక్సిలరేటర్ మాత్రమే మిగులుతుంది. వణుకు కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. ఫిట్స్ వచ్చే ప్రమాదం మొదటి 48 గంటల్లో ఎక్కువ. ఆ తర్వాత కొందరికి మతి భ్రమించినట్టు అయ్యే దశ వస్తుంది, అది ప్రాణాంతకం కూడా. డాక్టర్ దగ్గర మందుబిళ్ళలతో మెల్లగా దింపితే ఇవన్నీ చాలావరకు తప్పించవచ్చు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. కల్లు. చెట్టు నుంచి దింపిన కల్లు సంగతి వేరు. అల్ప్రజోలం, డైజిపామ్ లాంటివి కలిపిన కల్తీ కల్లు సంగతి వేరు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు, జనం వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రుల్లో చేరారు. రోజూ ఆ కల్లు తాగే మనిషికి తను ఏ మందుకి అలవాటు పడ్డాడో తనకే తెలియదు. అలాంటి మనిషి చేతికి "ఈరోజు నుంచి సున్నా" అని చెప్పే యాప్ ఇవ్వడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

నా అభిప్రాయం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఫిట్‌నెస్ యాప్ డిజైన్‌ని తీసుకొచ్చి మందు మీద అతికించకూడదు. పదివేల అడుగులు ఒక్కసారి నడిస్తే కాళ్ళు నొప్పి పుడతాయి, అంతే. ఇక్కడ "గోల్" అన్న మాటకే రిస్క్ ఉంది. మందు తగ్గించే యాప్ చేయాల్సిన మొదటి పని లెక్కపెట్టడం కాదు. ఈ మనిషి యాప్‌తో తగ్గించుకోగలడా, లేక డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా అని అడగడం.

దానికి టూల్ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ ఆడిట్ ప్రశ్నావళి ఉంది. 10 ప్రశ్నలు, 40 మార్కులు. 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తే జాగ్రత్త పడాలి. 20 లేదా అంతకంటే ఎక్కువ వస్తే వ్యసనం అయి ఉండే అవకాశం ఎక్కువ, పరీక్ష చేయించుకోవాలి. అందులో ఒక ప్రశ్న, పొద్దున్నే ఒక పెగ్గు పడితే తప్ప కుదురుకోలేని పరిస్థితి ఎన్నిసార్లు వచ్చిందని. నా యాప్‌లో ఆ ఒక్క ప్రశ్న ఉన్నా మామ విషయం అక్కడే దొరికిపోయేది.

యాప్‌లు పనిచేస్తాయా? ఉన్న లెక్కలు ఇవీ

ఆసుపత్రి నుంచి వచ్చాక నేను చేయాల్సిన పనిని ఆలస్యంగా చేశాను. ఇంతకుముందు ఎవరు ఏం కట్టారో చదివాను.

లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళ "డ్రింక్ లెస్" యాప్ మీద 5,602 మందితో పెద్ద ట్రయల్ జరిగింది. సగం మందికి యాప్, సగం మందికి బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌పేజీ. 6 నెలల తర్వాత చూస్తే, జవాబివ్వకుండా మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళని ఎలా లెక్కేస్తారన్న దాన్ని బట్టి, యాప్ వాళ్ళు వారానికి 1 నుంచి 2 యూనిట్లు ఎక్కువగా తగ్గించారు. యూనిట్ అంటే 8 గ్రాముల ఆల్కహాల్. అంటే బాగా చేసిన యాప్ ఇచ్చే అదనపు లాభం మన భాషలో వారానికి ఒక అరవై పెగ్గు కంటే తక్కువే. లక్షల మందికి ఇస్తే అది మంచి లాభం. ఒక్క మనిషిని కాపాడేస్తుందని చెప్పుకోవడానికి మాత్రం సరిపోదు.

స్వీడన్‌ది ఇంకా ఆసక్తికరం. అక్కడ మద్యం అమ్మే ప్రభుత్వ సంస్థే, రక్తంలో ఆల్కహాల్ ఎంత ఉందో అంచనా వేసి చూపించే "ప్రొమిల్లెకోల్" అనే యాప్ ఇచ్చింది. 2014లో వచ్చిన అధ్యయనంలో దాన్ని యూనివర్సిటీ విద్యార్థుల మీద పరీక్షిస్తే, ఆ యాప్ వాడిన అబ్బాయిలు తాగే సందర్భాలు తగ్గకపోగా పెరిగాయి! ఎందుకో ఊహించడం కష్టం కాదు. మీటర్ చేతికి ఇస్తే కుర్రాళ్ళు దాన్ని స్కోర్ బోర్డులా చూస్తారు. మనం బెంచ్‌మార్క్ స్కోర్లకి కొట్టుకునే వాళ్ళమే కదా, ఆ మాత్రం తెలియదా?

మంచి ఫలితం చూపిన వాటిలో ఒకటి అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళ ఏ-చెస్. అది చికిత్స పూర్తి చేసుకుని ఇంటికెళ్తున్న 349 మందితో జరిగింది. యాప్ ఉన్నవాళ్ళకి నెలలో ప్రమాదకరంగా తాగిన రోజులు సగటున 1.39, లేనివాళ్ళకి 2.75. తేడా ఏంటంటే, ఏ-చెస్ తోడుగా ఉంది. దాని వెనక చికిత్స ఉంది, మనుషులు ఉన్నారు, అవసరమైతే నొక్కే ప్యానిక్ బటన్ ఉంది. యాప్ ఒంటరిగా ఏమీ చేయలేదు.

మన లెక్క మనకి కావాలి

వెర్షన్ 2లో నేను మొదట మార్చింది డ్రాప్‌డౌన్ మెనూ. మనవాళ్ళు గ్లాసుల్లో లెక్కపెట్టరు. నైంటీ, క్వార్టర్, హాఫ్, బీరు, కల్లు సీసా. లోపల యాప్ గ్రాముల్లో లెక్కేస్తుంది. ఫార్ములా సింపుల్: ఎంఎల్‌ని ఆల్కహాల్ శాతంతో గుణించి, దాన్ని 0.789తో గుణించాలి.

మన దగ్గర విస్కీ సాధారణంగా 42.8 శాతం. కాబట్టి:

- క్వార్టర్ (180 ఎంఎల్): సుమారు 61 గ్రాములు
- 650 ఎంఎల్ లైట్ బీరు, 5 శాతం: సుమారు 26 గ్రాములు
- 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీరు, 8 శాతం: సుమారు 41 గ్రాములు

"నేను మందు ముట్టను బ్రో, బీరే" అనేవాళ్ళు ఆ మూడో లైన్ ఇంకోసారి చూడండి. ఒక స్ట్రాంగ్ బీరు రెండు అరవై పెగ్గులతో సమానం. బ్రిటన్‌లో వారం మొత్తానికి మించొద్దని చెప్పేది 14 యూనిట్లు, అంటే 112 గ్రాములు. రెండు క్వార్టర్లకే అది దాటిపోతుంది. మన దావత్‌లలో అది ఒక్క రాత్రి లెక్క.

కల్లు సీసా దగ్గర మాత్రం యాప్ గ్రాములు చూపించదు. పొద్దున దింపిన కల్లుకీ సాయంత్రం కల్లుకీ పులుపు వేరు, ఆల్కహాల్ వేరు. అందులో ఇంకేం కలిపారో ఏ ఫార్ములాకీ అందదు. అందుకే అక్కడ "లెక్క చెప్పలేం. రోజూ తాగుతుంటే ఒక్కసారిగా మానొద్దు, డాక్టర్‌ని అడగండి" అని మాత్రమే వస్తుంది.

జీపీఎస్ అలర్ట్ పెట్టి తీసేశాను

ఏ-చెస్‌లో నాకు బాగా నచ్చిన ఫీచర్, ప్రమాదమైన చోటుకి దగ్గరగా వెళ్తే హెచ్చరించడం. ఉత్సాహంగా నేనూ పెట్టాను. వైన్స్‌కి 200 మీటర్ల దగ్గరికి వస్తే ఫోన్ మోగుతుంది. జహీరాబాద్ బజార్‌లో టెస్ట్ చేస్తే ఫోన్ ఆగకుండా మోగింది. చిన్న ఊళ్ళో పాల ప్యాకెట్‌కి వెళ్ళినా, మెడికల్ షాపుకి వెళ్ళినా అదే దారి. పైగా ఊళ్ళల్లో అసలు ఇబ్బంది బెల్ట్ షాపులతో. అవి ఏ మ్యాప్‌లోనూ ఉండవు.

ఒకరకంగా సుప్రీంకోర్టు కూడా ఇలాంటి జియోఫెన్స్ వేసింది. 2016 డిసెంబర్‌లో హైవేలకి 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదంది. తర్వాత 20 వేల లోపు జనాభా ఉన్న చోట్ల 220 మీటర్లకి తగ్గించారు. 2017లో మున్సిపాలిటీల పరిధికి ఇది వర్తించదని స్పష్టం చేశారు. చట్టానికే దూరం కొలవడం అంత కష్టమైనప్పుడు, 3 జీబీ ర్యామ్ ఫోన్‌లో బ్యాక్‌గ్రౌండ్ లొకేషన్ ఆన్ పెట్టి బ్యాటరీ తినేసే నా ఫీచర్ ఏం సాధిస్తుంది?

చోటు బదులు టైమ్ పట్టుకున్నాను. మామకైనా, షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళకైనా గండం ఒక్కటే: సాయంత్రం షట్టర్ దించాక మొదటి అరగంట. ఆరున్నరకి రిమైండర్ పెట్టాను. అది తొమ్మిదింటికి వచ్చింది! బ్యాటరీ ఆదా పేరుతో ఫోన్ యాప్‌ని పడుకోబెట్టేసింది. ఈ బాధ మీలో చాలామందికి తెలుసు. ఆండ్రాయిడ్ 14 నుంచి ఎగ్జాక్ట్ అలారం పర్మిషన్ చాలా యాప్‌లకి మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆన్ చేయాలి. కొన్ని ఫోన్లలో ఆటోస్టార్ట్ కూడా ఆన్ చేయాలి. వాట్సాప్ లేటైతే చిరాకు, అంతే. ఇక్కడ రెండున్నర గంటలు లేటంటే ఆ రోజు అయిపోయినట్టే.

చదివే మెసేజ్ కాదు, వినే మాట

ఆ రిమైండర్‌లో ఏం ఉండాలి? నేను రాసిన నీతి వాక్యాలు మామ ఒక్కటీ చదవలేదు. "నువ్వు రాసింది న్యూస్ పేపర్ లెక్క ఉన్నది" అన్నాడు.

ఈ విషయంలో మాకు పక్కనే పాఠం ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల రేడియో అది. దళిత మహిళలు వాళ్ళ యాసలో, వాళ్ళ పంటల గురించి, వాళ్ళ పాటలతో నడుపుతారు. చదువు రాకపోవడం అక్కడ అడ్డం కాలేదు, ఎందుకంటే మాట వాళ్ళది.

అందుకని వెర్షన్ 2లో ఒక మైక్ బటన్ పెట్టాను. పొద్దున మనసు నిలకడగా ఉన్నప్పుడు మీ గొంతుతోనే 20 సెకన్లు రికార్డ్ చేయాలి. సాయంత్రం ఆరున్నరకి అది మీకే వినిపిస్తుంది. ఇంట్లోవాళ్ళ గొంతు పెడదామా అని కూడా ఆలోచించాను. అత్తే వద్దంది. "నేను రోజూ చెప్పేది ఫోన్ల గూడ ఎందుకు" అంది. నిజమే. అది మళ్ళీ పోట్లాట అవుతుంది.

అత్త మాట విన్నాక దూబగుంట గుర్తొచ్చింది. నెల్లూరు జిల్లాలో ఆ ఊరి ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించారు. వయోజన విద్య పుస్తకంలో చదువుకున్న ఒక పాఠం దానికి ఊపు ఇచ్చింది. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. మందు అనేది ఒక్క మనిషి సెట్టింగ్ కాదని, ఇల్లు, ఊరు, సర్కారు అన్నీ అందులో ఉన్నాయని ఆ కథ చెప్తుంది. యాప్ రాసేవాడు ఇది మర్చిపోతే, తప్పంతా ఫోన్ పట్టుకున్న మనిషి సంకల్పానిదే అన్నట్టు డిజైన్ చేస్తాడు. నేను చేసింది అదే.

ఇంటర్నెట్ పర్మిషన్ లేని యాప్

ఎంత తాగారో యాప్‌కి చెప్పడమంటే చిన్న విషయం కాదు. ఆ డేటా ఉద్యోగం ఇచ్చేవాళ్ళకో, ఇన్సూరెన్స్ వాళ్ళకో, పిల్లనిచ్చేవాళ్ళకో దొరికితే? అమెరికాలో మాన్యుమెంట్ అనే ఆన్‌లైన్ మద్య చికిత్స సంస్థ, లక్ష మందికి పైగా పేషెంట్ల సమాచారం ట్రాకింగ్ టూల్స్ ద్వారా ప్రకటనల కంపెనీలకి చేరిందని 2023లో ఒప్పుకుంది. మన దగ్గర 2023లో డిజిటల్ పర్సనల్ డేటా చట్టం వచ్చింది కానీ, డేటా అసలు బయటికి పోకుండా ఉండటమే మంచి రక్షణ.

అందుకే నా యాప్‌లో ఇంటర్నెట్ పర్మిషన్ అసలు లేదు. లాగిన్ లేదు, క్లౌడ్ లేదు, యాడ్స్ లేవు. ఫోన్ పోతే లెక్క పోతుంది, పోనీండి. లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్ వచ్చినా అందులో మందు అన్న మాట కనిపించదు. ఐకాన్ మామూలు గడియారం బొమ్మ. ఒకే ఫోన్ ఇంట్లో నలుగురు పట్టుకునే చోట ఇది లగ్జరీ ఫీచర్ కాదు.

ఇంతకీ ఈ యాప్ ఎవరికి?

2019లో కేంద్ర ప్రభుత్వం, ఎయిమ్స్ కలిసి ఇచ్చిన సర్వే నివేదిక ప్రకారం, మద్యానికి బానిసలైనవాళ్ళలో ఏదో ఒక చికిత్స అందుతున్నది 38 మందిలో ఒక్కరికి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో 43 శాతం తాగుతామని చెప్పారు. ఈ రెండు అంకెల మధ్య పెద్ద ఖాళీ ఉంది. అందులో చాలామంది మా మామ దశకి ఇంకా రాలేదు. శనివారం బీర్లు, జీతం రోజు దావత్, మెల్లగా బుధవారం కూడా. యాప్ పనికొచ్చేది వాళ్ళకి.

వెర్షన్ 2 ఇప్పుడు ఇలా ఉంది. మొదట 10 ప్రశ్నలు. 20 దాటినా, చేతులు వణుకుతాయని చెప్పినా, గోల్ స్క్రీన్ తెరుచుకోదు. దాని బదులు రెండు పెద్ద బటన్లు: టెలి మానస్ 14416, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. కింద ఒకే వాక్యం: "ఒక్కసారిగా మానకండి, డాక్టర్‌తో మాట్లాడి మానండి." మిగతావాళ్ళకి వారం లెక్క, ఖర్చు లెక్క, ఆరున్నరకి వాళ్ళ గొంతు. స్ట్రీక్ లేదు. ఒక రోజు తప్పితే కౌంటర్ సున్నాకి పడిపోదు, ఎందుకంటే సున్నా చూశాక "ఎట్లాగూ పోయింది" అని ఇంకో క్వార్టర్ కొనే మనిషిని నేను చూశాను. షెడ్డులో ఇద్దరు కుర్రాళ్ళు వాడుతున్నారు. ఒకడు స్ట్రాంగ్ బీరు మానేసి లైట్‌కి మారాడు. ఇంకోడు మూడో వారం యాప్ డిలీట్ చేశాడు. ఇంతకంటే పెద్ద విజయాలు నా దగ్గర లేవు.

మామ డాక్టర్ చెప్పిన బిళ్ళలు వాడి, నెలనెలా చూపించుకుంటున్నాడు. మధ్యలో ఒకసారి, చుట్టాల పెళ్ళిలో తప్పింది. మళ్ళీ వెళ్ళాడు. యాప్‌లో ఆయన వాడేది ఒక్క మైక్ బటన్ మాత్రమే. మొన్న షెడ్డులో కూర్చున్నప్పుడు ఆరున్నరకి ఫోన్ మోగింది. ఆయన గొంతే ఆయనకి చెప్పింది: "షట్టర్ ఏశినవ్ గదా, ఇగ ఇంటికి నడువ్. పిల్లకు నోట్‌బుక్ తెస్త అన్నవ్."

రేటింగ్: వెర్షన్ 2కి 5కి 3. మిగతా 2 ఏ అప్‌డేట్‌తోనూ రావు. అవి డాక్టర్‌వి, ఇంటివాళ్ళవి. మీలో ఎవరైనా ఇలాంటి యాప్ రాయాలనుకుంటే కోడ్ మొదలుపెట్టే ముందు ఆ 10 ప్రశ్నలు ఒకసారి మీకు మీరే వేసుకోండి. నేను వేసుకున్నాను. నాకు 9 వచ్చింది.